నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకు స్టేక్‌హౌస్: ఏ రోజు, ఏ ముక్క, ఎంత కాల్చమనాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరు నుంచి అమ్మానాన్నలు మొదటిసారి డాలస్ వచ్చారు. నాన్నగారికి ఈ నెలలో అరవై నిండుతాయి. ఆయన మాంసాహారి, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. ఇక్కడివాళ్ళు తినే స్టేక్ (మందపాటి మాంసపు ముక్కను కాల్చినది) ఒకసారి చూడాలని నాన్నగారే అన్నారు. శనివారం రాత్రి టెక్సాస్ రోడ్‌హౌస్ అనే చెయిన్ హోటల్‌కు తీసుకెళ్తే బాగుంటుందా, లేక ఇంత పెద్ద సందర్భానికి అది మరీ మామూలు చోటా అని మీ సందేహం.

తీసుకెళ్ళండి. శనివారం రాత్రి మాత్రం వద్దు.

నేను డాలస్ శివార్లలో ఇలాంటి ఒక చెయిన్ స్టేక్‌హౌస్‌లో కొన్నేళ్ళు వడ్డన చేసి, తర్వాత హాలు నిర్వహణ చూశాను. మన కుటుంబాల వేడుకలు అక్కడ చాలా జరిగాయి. కొన్ని ఎంతో సరదాగా సాగాయి, కొన్ని చూస్తుంటేనే జాలేసింది. హోటల్ స్థాయి వల్ల చెడిన వేడుక నాకు ఒక్కటీ గుర్తు లేదు. చెడినవన్నీ దాదాపు వేళ వల్ల, ముందుగా అడగని ఒకటి రెండు ప్రశ్నల వల్ల చెడినవే.

ముందు స్థాయి సంగతి చూద్దాం. ఖరీదైన స్టేక్‌హౌస్‌లో మాంసం మేలురకం, నిజమే. అమెరికా వ్యవసాయ శాఖ గొడ్డు మాంసానికి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని శ్రేణులిస్తుంది. కండలో సన్నగా అల్లుకున్న కొవ్వు ఎంత ఉందన్నది అందులో ముఖ్యమైన కొలత. పెద్ద హోటళ్ళు ప్రైమ్ వడ్డిస్తాయి, మామూలు చెయిన్లలో ఎక్కువగా చాయిస్ ఉంటుంది. జీవితంలో మొదటిసారి స్టేక్ తింటూ, పైగా బాగా కాల్చమని అడిగే పెద్దమనిషికి ఈ తేడా నాలుకకు తగలదు. అక్కడ ముక్క ధర వేరు, పక్కన బంగాళాదుంప కావాలంటే దాని ధర వేరు. హాలులో మసక వెలుతురు, గుసగుసల మాటలు. నాన్నగారు మెనూలో కుడివైపు అంకెలను రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటారు, ఆకలి చచ్చిపోతుంది. మామూలు చోట ఆ బిగుసుకుపోవడం ఉండదు. స్టేక్‌తోపాటు రెండు పక్క వంటకాలు అదే ధరలో వస్తాయి, వేడి రొట్టెలు ఉచితం, గట్టిగా నవ్వినా ఎవరూ తిరిగి చూడరు.

నాన్నగారు చరిత్ర అడిగే రకమైతే ఒక ముచ్చట చెప్పండి. టెక్సాస్ పేరు పెట్టుకున్న రోడ్‌హౌస్ పుట్టింది టెక్సాస్‌లో కాదు, 1993లో ఇండియానా రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో. ఆస్ట్రేలియా వేషం వేసుకున్న ఔట్‌బ్యాక్ అనే ఇంకో స్టేక్ చెయిన్ 1988లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలైంది. కొమ్ముల ఎద్దు బొమ్మ పెట్టుకున్న లాంగ్‌హార్న్ 1981 నాటిది, అది అట్లాంటా సరుకు. ఈ వ్యాపారంలో సగం నాటకమే. ఆ నాటకం పుట్టినరోజుకు పనికొస్తుంది కూడా.

ఇప్పుడు రోజు. శనివారం రాత్రి ఏడింటికి వెళ్తే గంటకు పైగా వాకిట్లో నిలబడవలసి రావచ్చు. మే రెండో ఆదివారం మదర్స్ డే, ఫిబ్రవరి 14, గ్రాడ్యుయేషన్ వారాంతాలు అయితే ఇక చెప్పనక్కరలేదు. ఫోన్లో ముందుగా పేరు నమోదు చేసుకునే సౌకర్యం ఉంది, తప్పకుండా వాడండి. కానీ అది వరుసలో చోటు మాత్రమే, టేబుల్ కేటాయింపు కాదు. మీ పిలుపు వచ్చేసరికి అందరూ అక్కడే ఉండాలి. ఒక కారు ఇంకా దారిలో ఉందంటే చాలాచోట్ల కూర్చోబెట్టరు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. నాన్నగారు శనివారం నీచు తింటారా? వెంకటేశ్వరస్వామి వారమని శనివారం, ఆంజనేయస్వామికని మంగళవారం, శివుడికని సోమవారం, సాయిబాబాకని గురువారం మానేసేవాళ్ళు మన పెద్దల్లో ఎందరో. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మగారు వండరు కాబట్టి ఆ విషయం పిల్లలకు గుర్తుండదు. అన్నీ ఆర్డరు చేశాక ‘ఈవేళ శనివారం కదరా’ అని తండ్రి మెల్లగా అనడం, కొడుకు ముఖం మాడ్చుకోవడం నేను చూసినదే. ఏకాదశి, కార్తీకం లాంటివి కూడా ఒకసారి పంచాంగంలో చూసుకోండి. మనవాళ్ళకు ఎలాగూ జన్మతిథి ఒకరోజు, ఇంగ్లీషు తేదీ ఇంకొకరోజు. ఆ చుట్టుపక్కల ఒక బుధవారం పట్టుకోండి.

బుధవారం సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటల మధ్య వెళ్ళండి. రోడ్‌హౌస్ శాఖలు చాలావరకు వారం మధ్యలో మధ్యాహ్న భోజనానికి తెరవవు, సాయంత్రమే మొదలుపెడతాయి. సోమవారం నుంచి గురువారం వరకు ఆరింటి లోపు వచ్చేవాళ్ళకు తగ్గింపు ధరల మెనూ ఉండే శాఖలు ఎన్నో. మీ శాఖకు ఫోన్ చేసి అడగండి. ఆ వేళకు వంటవాడు తీరిగ్గా ఉంటాడు, వడ్డించేవారికి మీ టేబుల్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి మాట్లాడే వ్యవధి ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దలకు తొందరగా తిని పడుకోవడమే సుఖం. ఆఫీసులో రెండు గంటల ముందు బయలుదేరతానని చెప్పండి. నాన్నగారి అరవై మళ్ళీ రాదు.

ఇక అడగడానికి చాలామంది మొహమాటపడే ప్రశ్న. ‘నాన్నగారు అన్నీ తింటారు’ అని రాశారు. మన ఇళ్ళలో ఆ మాటకు అర్థం తరచుగా కోడి, మేక, చేప, రొయ్య అనే. స్టేక్ అంటే ఇక్కడ గొడ్డు మాంసం. మెనూలో వేరేమీ రాయకపోతే అదే. స్టేక్ చూడాలని ఆయన అన్నప్పుడు ఈ సంగతి తెలిసే అన్నారా? ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, సూటిగా అడగండి. తెలిసే అంటే ఇక చర్చ లేదు. పెద్దకూర తిని పెరిగిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, హైదరాబాదులో కళ్యాణీ బిర్యానీకి ఉన్న ఆదరణ అందరికీ తెలిసిందే. ఇందులో దాచుకోవలసినది, సిగ్గుపడవలసినది ఏమీ లేదు. తెలియక అంటే కూడా ఇబ్బంది లేదు. అదే చోట కాల్చిన కోడి, సాల్మన్ చేప, రొయ్యలు దొరుకుతాయి. పంది పక్కటెముకలకు ఆయనకు అభ్యంతరం లేకపోతే అవి నెమ్మదిగా ఉడికి ఎముక నుంచి విడివడి వస్తాయి, మనవాళ్ళకు బాగా నచ్చుతాయి. కాకపోతే వంటింట్లో పెనాలు, పటకారులు సాధారణంగా అన్నిటికీ ఒకటే. అది పట్టింపు అయితే ఈ ఆలోచనే మానేయండి. హలాల్ పాటించే స్నేహితులను పిలుస్తుంటే మామూలు చెయిన్లలో మాంసం హలాల్ అనుకోకూడదు. డాలస్ చుట్టుపక్కల హలాల్ స్టేక్ వడ్డించే చోట్లు వేరే ఉన్నాయి, అక్కడికి మారడం మర్యాద.

అమ్మగారిని కూడా విడిగా అడగాలి. రోడ్‌హౌస్‌లో గుమ్మం దాటగానే పచ్చి మాంసం ముక్కలు పేర్చిన అద్దాల బీరువా ఎదురవుతుంది. హాలంతా కాలిన కొవ్వు వాసన. కొందరు శాకాహారులు అది పట్టించుకోరు, కొందరికి కడుపులో తిప్పుతుంది. భర్త పుట్టినరోజు కాబట్టి ‘నాకేం పరవాలేదు’ అనడం ఆ తరం తల్లుల అలవాటు. ఆ మాట నమ్మకుండా ఒకరోజు ముందు అటుగా కారులో వెళ్ళి, లోపలికి ఒక నిమిషం తీసుకెళ్ళి చూపించండి. ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

ఆమెకు సరేనంటే తిండి దొరకకపోదు, కానీ కళ్ళు మూసుకుని ఆర్డరు చేయకూడదు. ఉడికించిన చిక్కుడుకాయల్లో బేకన్ అనే పంది మాంసం ముక్కలు కలుపుతారు. లోడెడ్ అని పేరున్న బంగాళాదుంప మీదా అదే చల్లుతారు. కొన్ని వంటిళ్ళలో కాల్చే ముందు దుంప తొక్కకు బేకన్ కొవ్వు రాస్తారు, అది మెనూలో కనబడదు. సీజర్ సలాడ్ పైపూతలో చేప ఉంటుంది. గ్రేవీ, సూపు, కొన్నిచోట్ల అన్నం కూడా మాంసం రసంతో చేస్తారు. వేపుళ్ళు కోడి ముక్కలు వేగిన నూనెలోనే వేగుతాయి, కాబట్టి పెద్ద ఉల్లిపాయను పువ్వులా కోసి వేయించే ఆ ప్రసిద్ధ వంటకం ఆమెకు వద్దు. మిగిలేవి ఆవిరికి ఉడికిన బ్రోకలీ, మొక్కజొన్న గింజలు, చిలగడదుంప, బేకన్ లేని సలాడ్, ఆపిల్ గుజ్జు. నాలుగు కూరగాయల పళ్ళెం అని ఒకటి రోడ్‌హౌస్ మెనూలోనే ఉంది. రొట్టెలకు, సలాడ్ పైపూతలకు గుడ్డు సంగతి అలర్జీ పట్టిక అడిగి చూడండి, చాలా చెయిన్ల దగ్గర ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇది భోజనం కాదు, కాలక్షేపం. ఆమెకు ఇంట్లో నాలుగింటికి ఇంత పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళండి. పంచదార, దాల్చినచెక్క వేసి కాల్చిన చిలగడదుంప మాత్రం ఆమెకు తప్పకుండా నచ్చుతుంది.

ఇప్పుడు అసలు విషయం, నాన్నగారి ముక్క.

మనవాళ్ళు వచ్చి కూర్చోగానే వెల్ డన్ అంటారు, అంటే లోపలిదాకా బాగా కాల్చమని. చాలామంది అమెరికన్లు దానికి ముఖం చిట్లిస్తారు. నేను చిట్లించను. అరవై ఏళ్ళు మెత్తగా ఉడికిన మాంసం తిన్న మనిషి ముందు లోపల ఎర్రగా ఉన్న ముక్క పెట్టి, ఇదే అసలైన రుచి అని ఉపన్యాసం ఇవ్వడం పుట్టినరోజు చేసే పని కాదు. అసలు చిక్కు ఎక్కడంటే వెల్ డన్‌కు ఏ ముక్క ఎంచుకోవాలో మనవాళ్ళకు ఎవరూ చెప్పరు. మెనూలో చవకగా కనబడే సర్లాయిన్ అనే నడుము దగ్గరి కండ తీసుకుంటారు. అందులో కొవ్వు తక్కువ, 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి రసం పోయి పీచు మిగులుతుంది. నమలలేక దవడలు నొప్పి పుడితే ‘ఇదేనా స్టేక్ అంటే’ అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు.

బాగా కాల్చాలంటే రిబ్‌ఐ తీసుకోండి. పక్కటెముకల దగ్గరి కండ అది, కొవ్వు బాగా అల్లుకుని ఉంటుంది. ఎక్కువసేపు కాలినా ఆ కొవ్వు కరిగి ముక్కను తడిగా ఉంచుతుంది. రుచిలో కూడా మన మేక మాంసం ఇష్టపడేవారికి దగ్గరగా ఉండేది ఇదే. పళ్ళ సమస్య ఉంటే ఫిలే మంచిది. వెన్నెముక లోపలి వైపున పెద్దగా శ్రమ లేని కండ కాబట్టి అన్నిటికంటే మెత్తన, కానీ కొవ్వు తక్కువ, ముక్క మందం. దానిని బాగా కాల్చమంటే పైన మాడి లోపల ఆలస్యం అవుతుంది. అందుకే బటర్‌ఫ్లై చేయమని అడగండి. ముక్కను మధ్యకు చీల్చి పుస్తకంలా తెరిచి కాలుస్తారు, త్వరగా, సమంగా కాలుతుంది. ఈ చిన్న మాటకు ఏ వంటవాడూ విసుక్కోడు. టీ-బోన్‌లో ఎముకకు ఒకవైపు స్ట్రిప్ అనే వీపు కండ, రెండోవైపు ఫిలే ఉంటాయి, చూడటానికి ఘనంగా ఉంటుంది. ఫిలే వైపు వెడల్పు కనీసం అంగుళంపావు ఉంటేనే దానిని పోర్టర్‌హౌస్ అనాలని వ్యవసాయ శాఖ నియమం. రెండు కండలూ ఒకే వేళకు ఒకేలా కాలవు కాబట్టి మొదటిసారికి వద్దంటాను. ప్రైమ్ రిబ్ అసలు వద్దు (ఇక్కడ ప్రైమ్ అన్నది శ్రేణి కాదు, వంటకం పేరులో మాటే). అది పెద్ద దిమ్మగా నెమ్మదిగా కాలి, కోస్తే గులాబీ రంగులోనే వస్తుంది.

కాల్పు స్థాయిలు ఇలా ఉంటాయి. మీడియం రేర్ అంటే ముక్క నడుమ 130 నుంచి 135 డిగ్రీలు, వెచ్చని ఎరుపు. మీడియం 140 నుంచి 145, గులాబీ రంగు. మీడియం వెల్ 150 నుంచి 155, ఎక్కడో చిన్న గులాబీ చార. వెల్ డన్ 160కి పైన, అంతా గోధుమ రంగు. గొడ్డు మాంసపు ముక్క 145 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు ఆగితే తినడానికి క్షేమమని వ్యవసాయ శాఖ సలహా. కైమాతో చేసినవి మాత్రం 160 దాటాలి. పళ్ళెంలో కనబడే ఎర్రని నీరు నెత్తురు కాదు, కండరంలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం కలిసిన రసం. నాన్నగారికి ఇది ముందే చెప్పండి, టేబుల్ దగ్గర చెబితే సమర్థింపులా ఉంటుంది.

నా సలహా ఇది. నాన్నగారికి 12 ఔన్సుల రిబ్‌ఐ మీడియం వెల్, మీకు చిన్న సర్లాయిన్ మీడియం. మీ ముక్కలోంచి ఆయనకు ఒక ముక్క కోసి పెట్టండి. నచ్చితే పళ్ళేలు మార్చుకోండి, నచ్చకపోతే ఆయన ముక్క ఆయనకుంది. 12 ఔన్సులు అంటే పచ్చి బరువు, దాదాపు 340 గ్రాములు. కాలాక సుమారు పావు వంతు తగ్గుతుంది. అయినా ఒక్కరికి ఎక్కువే. ముక్క రాగానే వడ్డించేవారు వెళ్ళేలోపు మధ్యలో కోసి చూడండి. తక్కువ కాలితే వెనక్కి పంపండి, మళ్ళీ పెనం మీద వేయడం నిమిషాల పని. ఎక్కువ కాలితే సరిదిద్దడం కుదరదు, కొత్తది చేయవలసిందే. అందుకే అటూ ఇటూ అనిపించినప్పుడు ఒక మెట్టు తక్కువ చెప్పడం తెలివి. మొహమాటపడి తినేయడం మనవాళ్ళ జబ్బు. వెనక్కి పంపితే వంటవాడికి కోపం రాదు, అది రోజూ జరిగేదే.

ఉప్పు, మిరియాలు, పైన చల్లే కాస్త పొడి తప్ప మన మసాలా ఉండదు. మొదటి ముద్దకు చప్పగా అనిపించడం ఖాయం. వేయించిన ఉల్లిపాయలు, పుట్టగొడుగులు పైన వేయించుకోండి, కోసిన హలపెన్యో మిరపకాయలు ఒక గిన్నెలో అడగండి. చిన్న డబ్బాలో ఆవకాయ తెచ్చుకున్న కుటుంబాలను చూశాను, మేము ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఒక తాతగారు రిబ్‌ఐకి ఆవకాయ ముద్ద అద్దుకుని తిని, నాకూ రుచి చూపించారు. నేను వాదించలేను, అద్భుతంగా ఉంది.

రొట్టెల దగ్గర జాగ్రత్త. దాల్చినచెక్క వెన్నతో వేడివేడిగా వస్తాయి, అడిగితే మళ్ళీ తెస్తారు. పెళ్ళి విందులో మొదట వడ్డించిన పులిహోరతోనే కడుపు నింపుకున్నట్లు మనవాళ్ళు వాటితోనే ముగిస్తారు. ఒకటి తిన్నాక బుట్ట అవతలికి జరపండి. పల్లీలు పడని పిల్లలు మీతో ఉంటే ముందే ఆరా తీయండి, రోడ్‌హౌస్‌లో వేరుశనగలు ఇవ్వడం పాత అలవాటు.

కూర్చునే చోటు గురించి ఒక్క మాట. మోకాళ్ళ నొప్పులుంటే సోఫాలాంటి బూత్ వద్దు, కుర్చీల టేబుల్ అడగండి. స్పీకరు కింద, ఏసీ గాలి కింద వద్దనండి. అమ్మగారికి శాలువా, మంచు వేయని నీళ్ళు. నాన్నగారు ఒక బీరు తాగుతారంటే పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, కొన్ని చోట్ల తలపండినవారిని కూడా వయసు రుజువు అడుగుతారు.

పుట్టినరోజని చెబితే రోడ్‌హౌస్‌లో గుర్రపు జీను పెట్టిన పీట తెచ్చి, ఎక్కించి, హాలంతా కేకలు వేయిస్తారు. ఇది చెప్పాలా వద్దా అన్నది మీ నాన్నగారి స్వభావం మీద ఉంది. రిటైరైన హెడ్మాస్టర్లు ఎగిరి ఎక్కడం చూశాను, కోపంతో లేచి వెళ్ళిపోయినవారినీ చూశాను. ఆశ్చర్యపరచాలని దాచిపెట్టకండి, ముందే అడగండి. జీను ఎక్కకుండా కూర్చున్నచోటే చప్పట్లు కొట్టమని కూడా కోరవచ్చు. కేకు బయటి నుంచి తెచ్చుకోనిస్తారా అని ఫోన్లో కనుక్కోండి, చాలా శాఖలు ఒప్పుకుంటాయి. గుడ్డు లేని కేకు ఏదైనా ఇండియన్ బేకరీలో చేయించండి. అమ్మగారు ఆ పూట సంతృప్తిగా తినేది అదే కావచ్చు.

బిల్లు టేబుల్ మీదకు రాకుండా చూసుకోండి. చేతులు కడుక్కునే నెపంతో వెళ్ళి కార్డు వడ్డించేవారికి ముందే ఇచ్చేయండి, లేకపోతే నాన్నగారు జేబులోంచి డాలర్లు తీసి పోట్లాటకు దిగుతారు. తిండి 120 డాలర్లు అయితే మన డాలస్‌లో 8.25 శాతం పన్ను 9.90, ఇరవై శాతం టిప్పు 24, మొత్తం 153.90. టిప్పు దండగ అని నాన్నగారు అంటే ఒక నిజం చెప్పండి. టెక్సాస్‌లో టిప్పు మీద బతికే వడ్డనవారికి యజమాని చట్టప్రకారం ఇవ్వవలసిన కనీస నగదు జీతం గంటకు 2.13 డాలర్లు. ఫెడరల్ చట్టంలో ఆ అంకె 1991 నుంచి కదలలేదు. టిప్పుతో కలిపి 7.25 రాకపోతే యజమాని పూరించాలి, అంతే. వాళ్ళ ఇల్లు గడిచేది మీ ఇరవై నాలుగు డాలర్లతోనే. పెద్ద గుంపుకు టిప్పు బిల్లులోనే కలిపేస్తారు కొన్నిచోట్ల, రెండుసార్లు ఇవ్వకుండా చూసుకోండి.

మాంసం తప్పకుండా మిగులుతుంది, డబ్బా అడిగి తెచ్చుకోండి. అక్కడి నుంచి షాపింగుకు మాత్రం వెళ్ళకండి. మామూలు వేడిలో రెండు గంటలు, డాలస్ ఎండాకాలపు కారులో గంటకు మించి వండిన మాంసం ఉండకూడదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలు అవుతుంది. చల్లగా ఉన్నప్పుడే పీచుకు అడ్డంగా పలచగా కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు బాగా వేగాక చివర్లో వేసి, మిరియాల పొడి చల్లి ఒక నిమిషం తిప్పి దించేయండి. ఇంట్లో గిన్నెల విషయంలో అమ్మగారికి పట్టింపు ఉంటే దానికి వేరే పెనం కొని, ఆ పని మీరే పెరట్లో చేయండి.